పదహారు గురివింద గింజలు

ఏప్రిల్ నెలాఖరు. కాలవలు కట్టేశారు.
నరసాపురంలో నల్లమట్టి మళ్లీ నోరు తెరుస్తోంది.
నీళ్లు ఆపినప్పుడోసారి, వదిలినప్పుడోసారి
మా ముందుగది నూలుపోగంత దిగుతుంది, లేస్తుంది.
మంచానికి పట్టదు. బీరువాకి పట్టదు.
రికార్డు ప్లేయరుకి మాత్రం తెలిసిపోతుంది.

పెదనాన్న మైక్ సెట్టు మూతబడ్డాక
హారన్లు ఒకరు, యాంప్లిఫయరు ఒకరు పట్టుకుపోయారు.
ఎవరికీ అక్కర్లేని సన్నాయి రికార్డు
నా వాటాకొచ్చింది.

దానికి నొప్పి తగలకూడదని
చెయ్యి వెనక ఉన్న గుండుని వెనక్కి, ఇంకాస్త వెనక్కి తిప్పి
సూది బరువు తగ్గించుకుంటూ వచ్చాను.
గుండు మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి.
నా జాలే నాకు కొలత.
అయినా రాగం మెట్టెక్కే చోట
ఆకురాయి రాసినట్టు ఒక బొంగురు.
నెలనెలా కొంచెం పెరిగే బొంగురు.

కొమ్మోజు సత్యలింగాచారి త్రాసు తెచ్చాడు,
టేకుపెట్టెలో, పట్టుదారాలు చిక్కుపడకుండా చుట్టి.
పట్టుకారు దగ్గరికి తేగానే సూది తల దాన్ని లాగింది.
"అయస్కాంతముందే ఇందులో!
నా తట్టలు ఇత్తడివి కాబట్టి బతికాం,
ఇనపవైతే అబద్ధం చెప్పేవి."

రికార్డు ఎంత ఎత్తులో తిరుగుతుందో
సరిగ్గా అంత ఎత్తులో తట్ట పట్టుకున్నాడు.
ఊపిరి బిగబట్టి సూది దించాను.
అవతలి తట్టలో ఒక్కో గురివింద గింజా వేశాడు.
తొమ్మిదికే ముల్లు నిలబడింది.

"తొమ్మిదేనా?"
తొమ్మిదే, అన్నాను, కాస్త గర్వంగా.

అతను నవ్వలేదు.
"నగిషీ పనిలో ఉలిని తేలిగ్గా పడితే
జారి పక్కన గీరుద్ది బాబూ.
ఆనించి పడితేనే గీతలో గీత నడుస్తుంది."

ఏడేళ్లు.
ఏడేళ్లుగా జాలిపడి కోస్తున్నాను.
తన నలుపు తనకి కనపడని గింజలు
ఎర్రగా, తట్టలో, నా వైపే చూస్తున్నాయి.

గుండుని మళ్లీ మొదటికి తెచ్చాం.
చెయ్యి గాల్లో ఆగింది,
పోటు ఆగి పాటు మొదలవ్వని ఆ కాసేపు
వశిష్ఠలో లంగరెయ్యని నావలాగా.
అక్కణ్ణించి వెంట్రుకవాసి వెంట్రుకవాసి ముందుకి.
పదకొండు. పద్నాలుగు. పదిహేడుకి త్రాసు మొగ్గింది,
వెనక్కి. పదహారు.
"పదహారణాలా సరిపోయింది," అన్నాడు ఆచారి.

అయితే సరిపోలేదు. సూదిని నడుమకి లాగే గుణం
రికార్డుకే ఉంది. ఆ లాగుడుకి ఎదురు చిన్న మీట.
ఎంత తిప్పాలో చెప్పే పుస్తకం లేదు నా దగ్గర.
సఖినేటిపల్లి పంటు నడిపేవాణ్ణి గుర్తుచేసుకున్నాను.
వాడు ఎదురు రేవుకి గురిపెట్టడు,
రేవుకి కాస్త ఎగువకి పెడతాడు,
మిగతా దారి నది దిద్దుతుంది.
అంతే తిప్పాను.

దించాను.

కోసిన చోటు కోసినట్టే ఉంది.
ఏ త్రాసూ దాన్ని పూడ్చదు.
కానీ దానికి ముందు, ఇన్నేళ్లూ లేదనుకున్న చోట,
ఎవరో పీకని నాలుకతో తడుపుకున్న చప్పుడు.
ముక్కుతో లోపలికి లాగిన గాలి.
ఆ తరవాత స్వరం.
ఆచారి తల ఊపలేదు, తాళం వెయ్యలేదు.
దారాలు చుడుతున్న వేళ్లు మాత్రం ఆగాయి.

ఒకవైపు పూర్తయ్యాక
గింజలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి తక్కువ.
మా తాత నాటి గింజలివి, అని గొణిగాడు.
స్టూలు కింద వెతికాం, తివాచీ దులిపాం.
గుమ్మం పక్కన గోడమూల దొరికింది.

అంత దూరం ఎలా పోయిందా అని
దాన్ని తెచ్చి ప్లేయరు కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడు.
గింజ ఒక్కక్షణం ఆలోచించింది.
తరవాత మెల్లగా, ఎవరో పిలిచినట్టు,
గుమ్మం వైపు దొర్లింది.

"నీ నేలే వాలింది," అన్నాడు.
"ముందు ఆ కాలి కింద అట్టముక్క పెట్టు."

మళ్లీ మొదట్నుంచా?

చుట్టిన దారాలు విప్పడం మొదలెట్టాడు.
"జూన్‌లో నీళ్లొదిలాక ఇంకోసారి."